గౌరి ఆపరేషనూ, నా ఇరవై ఐదు ప్రశ్నలూ

మనిషికి పరువు పోవాలంటే మామూలుగా ఏండ్లు పడుతుంది. కొందరికి ఎలక్షన్లలో నిలబడితే తప్ప పోదు. నాకు మాత్రం ఒక బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు పోవడం మొదలై, పదిన్నరకల్లా పూర్తిగా పోయింది. అదీ ఒక కానిస్టేబులు, ఒక మేడమ్ ఎదురుగా, ఊరి జనం ఈలల మధ్య. ఎట్లా పోయిందో చెప్తాను, మీరు నవ్వండి. నాకేం బాధ లేదు. మా జిల్లాలో నవ్వాల్సినవాళ్ళంతా నవ్వేసినారు, మీరొక్కరే మిగిలినారు.

అప్పుడు నాకు నలభై నాలుగేండ్లు. బెళుగుప్ప హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. లెక్కలు చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంటుంది. లోకంలో ప్రతిదానికీ జవాబు ఉందని, ఆ జవాబు తమకు ముందే తెలుసునని అనుకుంటారు. ఆ జబ్బు నాలో బాగా ముదిరి ఉన్నప్పుడే రెండో జబ్బు వచ్చింది. మా వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తే, అందరూ బిందెలు పట్టుకుంటున్నారు గదా, మనం తెలివిగా డ్రమ్ము పడదామని పట్టినాను. నిండినాక ఎత్తినాను. డ్రమ్ము లేచింది. దాంతోపాటు నా గజ్జల్లో ఏదో జారింది. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు. దగ్గితే బయటికి వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. మా ఇంటికి వచ్చే చుట్టాలకంటే అదే నయం అనుకున్నాను. వాళ్ళు మనం పడుకున్నా పోరు.

అనంతపురంలో ఓబులేసు గారని ఒక సర్జన్. చూసినాడు, నొక్కినాడు, దగ్గమన్నాడు, చెప్పినాడు.

"హెర్నియా. ఆపరేషన్ చేయాల సార్. రేపే అని కాదు గానీ, నెలలకు నెలలు వాయిదా వేయొద్దు. పేగు ఆడ ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది."

నేను గొంతు సవరించుకుని, "డాక్టరు గారూ, ఏమనుకోవద్దు. ఇంతకుముందు మీరు ఆపరేషన్ చేసినవాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చునా?" అన్నాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. సంతోషపడినాడు. "తప్పకుండా మాట్లాడాల. అందరూ మీ మాదిరి అడిగితే బాగుండు. మీ జబ్బే వచ్చి నా దగ్గర చేయించుకున్నవాళ్ళు ముగ్గురున్నారు, ఎవరన్నా అడిగితే మాట్లాడతామని ఒప్పుకున్నారు. నర్సమ్మ దగ్గర నంబర్లు తీసుకోండి. నొప్పి ఎన్నాళ్ళుండె, పనికి ఎప్పుడు పోయినారు, మళ్ళీ వచ్చిందా, అన్నీ అడగండి."

బుద్ధి ఉన్నవాడైతే ఆ చీటీ తీసుకుని, ముగ్గురికీ ఫోన్ చేసి, సోమవారం పోయి టేబులెక్కి పడుకునేవాడు. నేను చీటీ తీసుకుని జేబులో పెట్టుకుని, బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. బడికి ఇన్‌స్పెక్షన్ వస్తే మేము ఏ పిల్లలను లేపి నిలబెడతామో నాకు తెలియదా? ఈయన ఇచ్చిన ముగ్గురూ మొదటి బెంచీవాళ్ళు. నిజం కావాలంటే చివరి బెంచీవాళ్ళను మనమే వెతుక్కోవాల!

ఇంటికొచ్చి మా సరోజకు ఈ రహస్యం చెప్తే ఆమె బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తి చూసింది.

"ఏమయ్యా, ఆయన నంబర్లిస్తే నువ్వు ఊర్లు తిరుగుతానంటావు. వంకాయలు కొనేదానికి అరగంట చేస్తావు, ఇంటికొచ్చి కోస్తే అన్నీ పుచ్చులే ఉంటాయి. నువ్వు డాక్టరును ఎంచుతావా?"

ఈ మాటకు నొచ్చుకుని, రెండు రాత్రులు కూర్చుని ఒక ప్రశ్నాపత్రం తయారు చేసినాను. ఇరవై ఐదు ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు మార్కులు. డాక్టరుకు డెబ్బై వస్తే పాసు. డాక్టరు చేతులు వణికినాయా? కుట్లు ఎన్ని, సూటిగా ఉన్నాయా, వంకరా? కత్తి పట్టుకునే ముందు ఏ దేవునికన్నా మొక్కినాడా, మొక్కితే మీకు భయం తగ్గిందా పెరిగిందా? ఇట్లాంటివి. చూసుకుంటే నాకే ముచ్చటేసింది. లోకంలోని ప్రశ్నలన్నీ దాంట్లో ఉన్నాయి, అడగాల్సిన ఒక్కటి తప్ప.

మొదటి పరీక్ష మా ఊర్లోనే ఉండే గంగులప్పకు పెట్టినాను. ఆయనకు అంతకుముందు ఏడాది ఓబులేసు గారే అపెండిక్స్ తీసినాడు.

"గంగులప్పా, ఆపరేషన్ ఎట్లా చేసినాడు?"

"నేనేడ చూసినానప్పా, నిద్రపోతి గదా. కానీ ఆ ఎదురుగా హోటల్లో ఉప్మా ఉండాది చూడు..."

"ఉప్మా సంగతి కాదు. నొప్పి?"

"నొప్పి ఉండె. ఉప్మాకు తగ్గె."

"డాక్టరు మంచోడేనా?"

గంగులప్ప బాగా ఆలోచించినాడు. "మంచోడే గానీ బలమైన సూది వేయలేదప్పా. మా బావమరిదికి వేరే ఆస్పత్రిలో ఆరు సూదులు వేసినారు. నాకు రెండే. అవమానమాయె."

ఇరవై ఐదు ప్రశ్నలూ అయ్యేటప్పటికి ఉప్మాకు తొంభై, డాక్టరుకు అరవై ఒకటి వచ్చింది. అంటే ఫెయిలు. అయినా అపెండిక్స్ వేరు, హెర్నియా వేరు గదా అని ఫలితం ప్రకటించకుండా ఆపి పెట్టినాను.

అప్పుడే మా బడి డ్రిల్లు సారు ఖాజా నన్ను పక్కకు పిలిచినాడు. "అన్నా, నీకు హెర్నియా చేయించుకున్నోళ్ళే కావల్నా? మొన్న బస్సులో ఎవరో అనుకుంటాంటే విన్యా. విడపనకల్లులో తిప్పన్న అని ఉండాడంట, వాళ్ళింట్లో ఓబులేసు డాక్టరు హెర్నియాకు ఆపరేషన్ చేసినాడంట."

ఖాజా బస్సులో విన్నాడు, అంతే. నేనది డాక్టరు ఇచ్చిన చీటీకంటే గట్టి సాక్ష్యమనుకున్నాను. ఆదివారం పొద్దున్నే బయలుదేరి, ఉరవకొండలో బస్సు మారి విడపనకల్లులో దిగినాను.

తిప్పన్న ఇంటి ముందర అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. నా చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు, జేబులో రెండు పెన్నులు చూసి గబుక్కున లేచి తువ్వాలుతో అరుగు తుడిచినాడు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాల. మా పక్క చేతిలో అట్ట పట్టుకుని ఎవడు ఊర్లోకి వచ్చినా సర్వేకు వచ్చినట్టే లెక్క. కరువు సర్వే, పంటనష్టం సర్వే, ఎండిన బోర్ల సర్వే, గొడ్ల బీమా సర్వే. చిన్నప్పటినుంచీ జవాబులు చెప్పి చెప్పి, వచ్చినాయన ఎవరని అడగడం కూడా మావాళ్ళు మానేసినారు. అడిగినదానికి చెప్పడం, కష్టం ఒక పిడికెడు ఎక్కువ వేసి చెప్పడం, అంతే. ఇది నాకు తెలియనిది కాదు. ఆ రోజు గుర్తుకు రాలేదు.

"ఏమప్పా తిప్పన్నా, ఓబులేసు డాక్టరు మీ ఇంట్లో హెర్నియా ఆపరేషన్ చేసినాడంట గదా?"

"చేసినాడు సారూ. మా గౌరికి."

పేరు గౌరి అని రాసుకున్నాను. "వయసు?"

"ఏడాదిన్నర. శానా చిన్నది సారూ."

నా పెన్ను ఆగింది. "ఏడాదిన్నరకే హెర్నియానా?"

"పుట్టినప్పటినుంచీ ఉండె, బొడ్డు కాడ. మొదట్లో నిమ్మకాయంత. పోను పోను టెంకాయంత ఆయె."

"ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో?"

"ఆస్పత్రికి యాడ తీసుకపోయేది సారూ? ఆటో ఎక్కనంటాండె. డాక్టరే ఈడికి వచ్చినాడు. ఇదో, ఈ వేపచెట్టు కిందనే."

"చెట్టు కిందనా! మంచమన్నా వేసినారా?"

"మంచం యాడ ఆగుతాది? గోనెసంచులు పరిచినాం."

గోనెసంచులు అని రాసి కింద గీత గీసినాను. "మత్తు?"

"సూది వేసినాడు గానీ, అది మహా బలం సారూ. నలుగురం పట్టుకున్యాం. కాళ్ళు తాడుతో కట్టేసినాం. అయినా ఒక్క తన్ను తన్నె చూడు," అని నోరు తెరిచి ముందర పళ్ళు లేని సందు చూపించినాడు.

ఏడాదిన్నర పసిబిడ్డ తంతే ముసలోడి పళ్ళెట్లా రాలతాయని మీకు అనుమానం వస్తూ ఉంటుంది. నాకు రాలేదు. నాకు కోపం వచ్చింది.

"తల్లి ఊరుకునిందా?"

"యాడ ఊరుకుంటాది! పక్కనే కట్టేసింటిమి, ఒకటే అరుపు."

"తల్లిని కూడా కట్టేసినారా!"

"కట్టేయకపోతే డాక్టరును పొడుస్తాది గదా సారూ!"

పొడవడమంటే కొడవలితో అనుకున్నాను. తల్లి మనసు మరి! నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "ఇప్పుడా పాప యాడుంది?"

"వాళ్ళమ్మతో కూడా చేనికాడికి పోయింది. బాగుండాది. ఆ సాయంత్రమే లేచి నిలబడె." తిప్పన్న గొంతు తగ్గించి అడిగినాడు. "సారూ, మాకేమన్నా వస్తుందా?"

"వస్తుంది తిప్పన్నా," అన్నాను ఆవేశంగా. "న్యాయం వస్తుంది."

అతను ఎందుకో కొంచెం నిరుత్సాహపడినాడు.

ఇంటికి వచ్చి సరోజకు అంతా చెప్పినాను. ఆమె విని, "ఏడాదిన్నర బిడ్డ తంతే పళ్ళు రాలినాయా? ఇంకొకరినన్నా అడుగయ్యా. ఆ చీటీలో నంబర్లకు ఫోన్ చేయి," అనింది.

"నీకు తెలియదులే. నేను కండ్లారా చూసి వచ్చినాను."

"ఏం చూసి వచ్చినావు? పాపను చూసినావా?"

"పళ్ళు లేని సందు చూసినాను!"

సోమవారం పొద్దున స్టాఫ్ రూములో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టినాను. అంత గొప్పగా నేను జన్మలో మాట్లాడి ఎరుగను. "మిత్రులారా! ముక్కుపచ్చలారని ఒక పసిపాప. పేరు గౌరి. కాళ్ళకు తాళ్ళు. కింద గోనెసంచులు. పక్కనే కట్టేసిన కన్నతల్లి ఆర్తనాదాలు. ఇదంతా చేసింది ఎవరు? ఓబులేసు అనే సర్జన్!" అని మొదలుపెట్టి, చివర్లో గొంతు పూడుకుపోయినట్టు ఒక దగ్గు కూడా దగ్గినాను. ఆ దగ్గుకు హెర్నియా బయటికి వచ్చింది, అది వేరే విషయం.

మధ్యాహ్నానికి ఆ మెసేజ్ రాప్తాడు దాటింది. సాయంత్రానికి మా చిన్నాయన కొడుకు బళ్ళారి నుంచి నాకే పంపించి, "అన్నా, ఎవరో అయ్యవారంట, ఏం మాట్లాడినాడు!" అన్నాడు. నేను ఉబ్బిపోయినాను. మంగళవారం నాకొక ఫోన్. పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి ఒక మేడమ్.

"సార్, మెసేజ్‌లో మాట్లాడింది మీరేనా? రేపు పొద్దున విడపనకల్లు వస్తున్నాం. మీరొచ్చి ఇల్లు చూపించాలి."

బుధవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తోడుకు ఖాజాను తీసుకుని పోయినాను. మేడమ్, ఒక కానిస్టేబులు జీపు దిగినారు. వాళ్ళ వెనకాలే సగం ఊరు దిగింది. తిప్పన్న చేతులు కట్టుకుని నిలబడినాడు.

"గౌరి ఎక్కడ?" అనింది మేడమ్.

"ఈడనే ఉండాది మేడమ్, ఇప్పుడే నీళ్ళు తాగె."

"తీసుకురా. భయపడొద్దు. మేమున్నాం."

తిప్పన్న ఇంటి పక్కకు తిరిగి "గౌరీ!" అని కేకేసినాడు.

"అంబా!" అనింది గౌరి.

గోడ మలుపు తిరిగి ఒక ఎర్ర పెయ్య, మెడలో గంట, నుదుట తెల్లబొట్టు, తోక ఊపుకుంటూ వచ్చి నిలబడింది. దాని వెనకాల కొమ్ములు తిరిగిన ఒక ఆవు. ఆవే తల్లి. పొడుస్తుందన్న మాటలో అబద్ధమేమీ లేదు.

కానిస్టేబులు వంగి పెయ్య కడుపు కింద చూసి, "బొడ్డు కాడ కుట్లుండాయి మేడమ్. కేసు కరెక్టే," అన్నాడు.

ఇంకేముంది, ఊరు పగలబడి నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఫోన్ తీసి నా మెసేజ్ పెట్టింది. నా గొంతు నాకే వినబడుతోంది, "ముక్కుపచ్చలారని ఒక పసిపాప..." ఆ పసిపాప నా ఇస్త్రీ చొక్కా అంచు నాకుతోంది.

"సార్," అనింది మేడమ్, "మీరు ఇరవై ఐదు ప్రశ్నలు అడిగినారంట. ఆవా, మనిషా అని ఒక్కటి అడగలేదా?"

తప్పంతా మన తెలుగుదని చెప్దామనుకున్నాను. ఆడబిడ్డ అయినా, ఆవు పెయ్య అయినా వచ్చింది, పోయింది, తన్నింది అనే అంటాం గదా. అదే మగదూడ అయింటే నా పరువు దక్కేది. కానీ వినే ఓపిక ఆడ ఎవరికీ లేదు.

ఖాజా వైపు తిరిగినాను. "ఏమప్పా, నువ్వే గదా ఓబులేసు డాక్టరు అంటివి!"

"డాక్టరంటి గానీ మనుషుల డాక్టరంటినా అన్నా?"

తిప్పన్న చెప్పినాడు. ఆ ఊరి పక్క గొడ్లకు చూసే డాక్టరు పేరు కూడా ఓబులేసే. చెయ్యి మంచిదంట. పెయ్యకు అట్లాంటి ఆపరేషన్ అట్లాగే చేస్తారంట, తాళ్ళు, గోనెసంచులు అన్నీ మామూలే. చెప్పడం అయిపోయినాక తిప్పన్న నా దగ్గరికి వచ్చి దీనంగా అడిగినాడు. "అయితే బీమా రాదా సారూ?"

నేను జనం కండ్లబడకుండా ఇంటి వెనకనుంచి జారుకుందామని కంపకంచె మీదుగా ఒక కాలు ఎత్తి వేసినాను. అంతే. గజ్జల్లో నిప్పు పెట్టినట్టాయె. ఉబ్బు గట్టిగా రాయి మాదిరి బిగుసుకుంది. పడుకున్నా లోపలికి పోలేదు. వాంతి వచ్చింది, ఒళ్ళంతా చెమట. నవ్వుతున్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చినారు. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని ఆ సర్జన్ చెప్పిన మాట అప్పుడు చెవుల్లో మోగింది.

మేడమే అంబులెన్సుకు ఫోన్ చేసింది. తిప్పన్న నా తల ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో విసురుతూ, మనస్ఫూర్తిగా అన్నాడు, "సారూ, మా ఓబులేసు డాక్టరు దగ్గర్లోనే ఉండాడు. పిల్చుకొని రావల్నా?"

అంబులెన్సు అనంతపురం దాకా ఆగకుండా పోయింది. దారి పొడుగునా నేను ఒకటే ఆలోచించినాను. ఊరంతా చాటింపు వేసి ఎవరి పరువు తీసినానో, ఇప్పుడు ఆయన కత్తి కిందికే పోతున్నాను. ఖాజా ఫోన్ చేసినాడంట, సరోజ బస్సెక్కి వచ్చి నాకంటే ముందే ఆస్పత్రి వాకిట్లో నిలబడి ఉంది. నన్ను తిట్టలేదు. ఆమె తిట్టకపోయేసరికి నిజంగానే భయమేసింది.

ఓబులేసు గారు పరీక్ష చేసి, వెంటనే థియేటరు సిద్ధం చేయమన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "డాక్టరు గారూ, ఆ మెసేజ్ పెట్టింది నేనే."

"తెలుసు. నిన్నటినుంచి ముగ్గురు ఫోన్ చేసినారు, గోనెసంచులు మేమే తెచ్చుకోవల్నా, మీరే ఇస్తారా అని. ఇద్దరు ఆపరేషన్ మానుకున్నారు."

"నన్ను క్షమించండి. నా మీద కోపం..."

"మీ మీద ఉంది సార్," అన్నాడు ఆయన గ్లవ్స్ కోసం చెయ్యి చాపుతూ. "మీ పేగు మీద లేదు. అది నన్నేమీ అనలేదు."

వెన్నులో సూది వేసినారు. నడుము కిందికి మొద్దుబారిపోయింది, తల మాత్రం పని చేస్తోంది. పని చేయకపోయినా బాగుండేది. మధ్యలో తెర, తెరకు అవతల ఆయన. తల దగ్గర మత్తు డాక్టరమ్మ కూర్చుని నా నాడి చూస్తోంది. కాసేపటికి తెర అవతలినుంచి మాట వచ్చింది. "పేగుకు మళ్ళీ మంచి రంగు వచ్చింది సార్, బతికే ఉంది. ఇంకొక రెండు గంటలు ఆలస్యమయింటే కోసి తీయాల్సి వచ్చేది."

నా కండ్లు మూసుకుపోయినాయి. కారిన నీళ్ళు డాక్టరమ్మ దూదితో తుడిచింది.

అప్పుడు ఓబులేసు గారన్నాడు, "అయ్యవారూ, నాకూ మీ మాదిరే ఒక అలవాటుంది. మనిషి ఎట్లాంటివాడో వాకబు చేస్తాను. మిమ్మల్ని లోపలికి తెచ్చేలోపల, మీ దగ్గర చదువుకున్నవాళ్ళను అడిగినాను."

"మా పిల్లలనా! ఎవరిని?"

నా తల దగ్గరున్న డాక్టరమ్మ మాస్కు కొంచెం కిందికి దించి వంగింది. "నేనే సార్, భారతిని. పదో తరగతిలో మీరే లెక్కలు చెప్పినారు."

గుర్తొచ్చింది. బక్కపిల్ల, రెండు జడలు, ఊరికే చెయ్యెత్తేది. నాకు లేచి పోదామనిపించింది గానీ, లేవడానికి కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

"ఏం చెప్పినావమ్మా నా గురించి?"

"ఉన్నదే చెప్పినాను సార్. మా సారు మంచోరు, లెక్కలు బ్రహ్మాండంగా చెప్తారు, నేను డాక్టరు కావడానికి ఆయనా ఒక కారణమని చెప్పినాను." భారతి నా నాడి ఇంకోసారి చూసింది. "ఒక్కటే లోపం, మనం ప్రశ్న సగం అడిగేలోపలే జవాబు చెప్పేస్తారని కూడా చెప్పినాను."

తెర అవతల కుట్లు వేస్తున్న చెయ్యి ఆగింది. ఆయన నవ్వుతున్నాడని నాకు తెలిసిపోయింది. థియేటర్లో నర్సమ్మలు నవ్వినారు. ఆఖరికి, నడుము కింద ఏమీ తెలియని నేను కూడా, నడుము పైన ఉన్నదాంతో నవ్వినాను.

మరునాడు మంచం మీదనుంచే ఆ గ్రూపులో ఇంకొక మెసేజ్ పెట్టినాను. గౌరి ఆవని, తప్పు నాదని, సర్జన్ దేవుడని, అంతా చెప్పినాను. మొదటిది బళ్ళారి దాకా పోయింది గదా, ఇది మా స్టాఫ్ రూము కూడా దాటలేదు. అందుకే ఆపరేషన్ మానుకున్న ఆ ఇద్దరి ఇండ్లకూ నేనే పోయి, చొక్కా ఎత్తి కుట్లు చూపించి, ఒప్పించి పంపించినాను. పరువు ఎట్లాగూ లేదు గదా, మొహమాటమెందుకు?

కాబట్టి పాఠక మహాశయులారా, భార్యామణి సాక్షిగా, డ్రిల్లు సారు సాక్షిగా, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఆపరేషన్ చేయించుకునే ముందు పాత రోగులతో తప్పకుండా మాట్లాడతాను, మీరు కూడా మాట్లాడండి. కానీ ఇకమీదట నేను అట్ట మీద పెన్ను పెట్టేముందు, ఎదుటివాడు ఎంత పెద్దమనిషైనా, ఎంత చదువుకున్నవాడైనా, సిగ్గుపడకుండా మొట్టమొదట ఒక్కటే అడుగుతాను, అడిగినాక నోరు మూసుకుని జవాబు చివరిదాకా వింటాను.

"అయ్యా, ఆ రోగికి కాళ్ళెన్ని?"